ఊపిరి కొలిచే వెండి ఉంగరం

నేను ఒక ఎలక్ట్రోడ్‌ని. ఈ మాట వినగానే మీలో సగం మంది పేజీ తిప్పేసి ఉంటారు. ఉన్న సగం మందికోసం చెబుతాను. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దదైన నల్లటి బిళ్ళని, నడిబొడ్డున ఆవగింజంత ప్లాటినం చుక్క, దాని చుట్టూ వెండి ఉంగరం. నా నెత్తిమీద బొటనవేలు పట్టేంత గాజు గది. ఆ గదిలో జీవకణాలు కలిపిన నీళ్ళు పోస్తే, అవి ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నాయో చెబుతాను. వైద్యుడు నాడి చూస్తాడు, నేను ఊపిరి చూస్తాను. ఒంటినిండా వెండీ ప్లాటినమూ ఉన్నా ఇన్నేళ్ళలో నన్ను ఏ పెళ్ళికూతురూ కోరలేదు, ఏ దొంగా ఎత్తుకుపోలేదు. ఆ లోటు నాకు కొంచెం ఉంది.

పుట్టింది ఇంగ్లాండులో, ఒక చిన్న కార్ఖానాలో. పెరిగింది మాత్రం విశాఖ తీరంలో, ఒక విశ్వవిద్యాలయం జీవరసాయన శాఖలో. నన్ను తెప్పించుకున్నవాడు సోమేశ్వరం అనే కుర్ర లెక్చరరు. ఓడరేవులో కస్టమ్స్ అధికారి నన్ను తిప్పి తిప్పి చూసి "ఇదేం నగ?" అని అడిగాడు. నగ కాదు, కణాల ఊపిరి కొలిచే సాధనం అని సోమేశ్వరం మొదలుపెట్టాడు. ఆయనకి మొదలుపెడితే ముగించే అలవాటు లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ అధికారి విసిగిపోయి "తీసుకెళ్ళండి మహాప్రభో" అని దండం పెట్టాడు.

నన్ను పనికి సిద్ధం చెయ్యడం ఒక కళ. నా చుక్కమీదా ఉంగరంమీదా ఉప్పునీటి బొట్టు వెయ్యాలి. దానిమీద సిగరెట్ కాగితం ముక్క పరచాలి. దానిమీద ఉల్లిపొరకన్నా పల్చని ప్లాస్టిక్ పొరను లాగిపట్టి, ముడత పడకుండా, గాలి బుడగ చేరకుండా రబ్బరు ఉంగరంతో బిగించాలి. సిగరెట్ కాగితమే ఎందుకని అడక్కండి, తడిని అంత సమంగా పట్టుకునేది ఇంకోటి వాళ్ళకి దొరకలేదు. దానితో వచ్చింది చిక్కు. జీవితంలో చుట్ట వాసన కూడా పడని సోమేశ్వరం కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి సిగరెట్ కాగితాలు కొనడం అత్తవారి తరఫు వాళ్ళెవరో చూశారు. కొత్తగా కాపురానికి వచ్చిన భార్య భ్రమరాంబ గారి చెవిన వేశారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. రుజువు లేనిదే దేన్నీ నమ్మదు. మర్నాడు సరాసరి ల్యాబుకే వచ్చేసింది.

"కాగితాలు కొన్నమాట నిజమేనా?"

"నిజమే. ఇదిగో, ఇది కాలుస్తుంది," అని ఆయన నన్ను చూపించాడు.

ఆవిడ నవ్వలేదు. వంగి నన్ను పరీక్షగా చూసింది. ఆయన పొర బిగించబోతే అది ముడతపడింది. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ ముడతపడింది. "ఇటివ్వండి" అని రెండు చేతుల వేళ్ళతో పొరను లాగిపట్టుకుంది. ఆయన రబ్బరు ఉంగరం జార్చాడు. అద్దంలా కూర్చుంది పొర. ఆ తర్వాత నా జీవితంలో ఎందరో నాకు పొర కట్టారు గాని, అంత నిబ్బరమైన చెయ్యి మళ్ళీ నాకు తగల్లేదు. బోర్డుమీద ఆవిడ వృత్తం గీస్తే పరికరంతో గీసినట్టు ఉండేదట. నేను చూడలేదు, కానీ నమ్ముతాను.

ఇక నా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అందదు. మన కణాల్లో మైటోకాండ్రియా అనే బుల్లి కరెంటు కేంద్రాలు ఉంటాయి. తిన్న తిండిని ఆక్సిజన్‌తో మండించి, ఆ బలంతో ప్రోటాన్లనే రేణువుల్ని ఒక పొర అవతలికి తోడిపోస్తాయి. ఆనకట్ట వెనక నీళ్ళు పెరిగినట్టు అక్కడ ప్రోటాన్లు పోగుపడతాయి. ఆ మట్టాన్ని పుస్తకాల్లో పొర విభవం అంటారు. ఆ ప్రోటాన్లు టర్బైన్ లాంటి ఒక చక్రం గుండా కిందికి దూకితే శక్తి పుడుతుంది. మీరు ఈ పేజీ పట్టుకున్న చేతిలో ఉన్నది ఆ శక్తే. అయితే ఏ ఆనకట్టకైనా కొంత లీకు ఉంటుంది. కొన్ని ప్రోటాన్లు చక్రం దాకా పోకుండా గోడలోంచే కారిపోతాయి. లీకు కొంచెమైతే ఫరవాలేదు. ఎక్కువైతే ఎంత తోడినా బూడిదలో పోసిన పన్నీరే.

ఏళ్ళు గడిచాయి. సోమేశ్వరం, సోమేశ్వరం మాస్టారయ్యాడు. జుట్టు పండింది, కంట్లో శుక్లం మొదలైంది. ల్యాబుకి కొత్త యంత్రం వచ్చింది. కణాల్లోకి ఒక ఎర్ర రంగు పంపి, అది ఎంత వెలుగుతోందో చూసి పొర విభవం ఎంతుందో చెప్పే యంత్రమది. కొత్త ఒక వింత, పాత ఒక రోత. దానికి ఏసీ గది, నాకు బీరువా అడుగు అర. ఓడ ఎక్కేదాకా ఓడమల్లన్న అన్నవాళ్ళే ఓడ దిగాక బోడిమల్లన్న అన్నారు. కుళ్ళుకోలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ బీరువా తలుపు పూర్తిగా మూసుకునేది కాదు, కాబట్టి ల్యాబులో జరిగేవన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి.

అలా తెలిసిన వాటిలో మొదటిది, భ్రమరాంబ గారి చేతిలో సుద్దముక్క నిలవడం లేదని. వణుకు. తర్వాత కండరాల్లో సత్తువ తగ్గింది. పెద్ద పెద్ద ఆసుపత్రులు తిరిగారు. కణాల్లో శక్తి చాలడం లేదు, దీనికి మందు లేదు అన్నారు. జీవితమంతా కణాల్లో శక్తినే కొలిచిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించండి. ఆ రోజునుంచి మాస్టారు ఇల్లు మరిచిపోయారు. మన్యం కొండల్లో దొరికే ఒక తీగ బెరడు ఆయన కంటపడింది. పేరు చెప్పను, చెబితే రేపే ఎవరో సీసాల్లో పోసి అమ్ముతారు. దాని రసం తగిలిన కణాలు కొత్త యంత్రంలో ధగధగా వెలిగాయి. వెలుగు పెరిగిందంటే మట్టం పెరిగినట్టే కదా అని మాస్టారు చిన్నపిల్లాడిలా గెంతారు. దసరా పదోనాడు, విజయదశమి మంచిరోజు, భార్యకి మొదటి మోతాదు ఇద్దామని నిశ్చయించుకున్నారు. ముదురు గోధుమరంగు సీసా ఒకటి సిద్ధమై ఆయన బల్లమీద కూర్చుంది. దానికి పక్కనే ఆవిడ ఫొటో.

ఆయన దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయి పేరు పైడితల్లి. విజయనగరం వైపు అమ్మాయి. నాన్న కొండల మధ్య ఒక జలవిద్యుత్ కేంద్రంలో ఉద్యోగి కావడంతో క్వార్టర్లలో, టర్బైన్ల రొదలో పెరిగింది. ఆ రంగు ప్రయోగాలన్నీ చేసింది ఈ అమ్మాయే. మాస్టారి కంటికి వెలుగు మసకగా కనిపించేది. "రంగు కొంచెం ఎక్కువ వెయ్యమ్మా, కనబడాలి కదా" అనేవారు. కొంచెం కొంచెంగా ఎక్కువై, చివరికి అదే ఆ ల్యాబు కొలతైపోయింది. అత్తగారి ఆవకాయ పాళ్ళలాగే ల్యాబులో గురువుగారి పాళ్ళూ ఉంటాయి. కోడళ్ళు కారం తగ్గించరు, శిష్యులు రంగు తగ్గించరు.

కానీ పైడితల్లికి ఒకటి మింగుడు పడలేదు. ముందురోజు దివిటీల్లా వెలిగిన కణాలు మర్నాటికి ముడుచుకుపోయి, గిన్నె అడుగును వదిలేసి నీళ్ళలో తేలుతున్నాయి. అంటే చచ్చిపోతున్నాయి. మాస్టారికి చెబితే "నీ చెయ్యి శుభ్రంగా లేదేమో చూసుకో" అన్నారు. చూసుకుంది. మళ్ళీ చచ్చాయి. దశమి దగ్గర పడుతోంది. అప్పుడు వచ్చి బీరువా అడుగు అర తెరిచింది.

"ఏటి తల్లీ, ఆ పాతదాన్ని తీస్తన్నావు? అది సచ్చిపోయి సానా కాలమైనాది," అన్నాడు అటెండరు అప్పలస్వామి. నాకు కోపం వచ్చింది.

"నేదు బాబాయ్, నిద్దరోతంది. సిగరెట్ కాగితం ఉంటాదేటి నీ కాడ?"

"నాను సుట్టే గాని సిగరెట్టు ముట్టనమ్మా. ఉండు, కొట్టుకెళ్ళి తెత్తాను."

అలా మళ్ళీ నా నెత్తిమీద కాగితం పడింది, పొర పడింది. పైడితల్లి ముందు మామూలు కణాలు పోసింది. నా పక్కన తిరిగే కాగితపు చుట్టమీద, నేను చెప్పే లెక్కను రాసే కలం గీత గీసుకుంటూ పోయింది. తర్వాత ఒక మందు వేసింది. అది టర్బైన్‌కి తాళం వేసే మందు. చక్రం ఆగిపోతే ప్రోటాన్లు దిగే దారి ఉండదు, మట్టం నిండుగానే ఉంటుంది, తోడే పని తగ్గుతుంది, కణం ఊపిరీ తగ్గుతుంది. తగ్గింది. మిగిలిన ఆ కాస్త ఊపిరీ లీకైన దాన్ని పూడ్చడానికే. ఆనకట్ట పిల్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. షట్టర్లన్నీ మూసేశాక కూడా మట్టం పడిపోతోందంటే గోడ కారుతున్నట్టు.

తర్వాత బెరడు రసం పట్టించిన కణాలు పోసింది. ఊపిరి జోరుగా ఉంది. తాళం మందు వేసింది. ఊపిరి తగ్గలేదు. మళ్ళీ చేసింది. తగ్గలేదు. ఆ అమ్మాయి చెయ్యి నా గాజుగది మీదే ఉండిపోయింది, చల్లగా. ఈ రసం ఆనకట్టకి గండి కొడుతోంది. పాపం కణాలు ప్రాణాలొడ్డి తోడుతున్నాయి, తోడినదంతా కారిపోతోంది.

మరి వెలుగు ఎందుకు పెరిగింది? ఆమె అక్కడే స్టూలుమీద కూర్చుని ఆలోచించింది. విభవం బాగా ఉన్నప్పుడు రంగు మైటోకాండ్రియాలోకి వెళ్ళి చేరుతుంది. కొద్దిగా చేరితే వెలుగుతుంది. మరీ ఎక్కువ చేరి కిక్కిరిస్తే, ఇరుకు గదిలో అందరూ ఒక్కసారే మాట్లాడితే ఎవరి మాటా వినబడనట్టు, ఒకదాని వెలుగును ఇంకొకటి ఆర్పేస్తుంది. అప్పుడు విభవం పడిపోయి రంగు బయటికి కారితే, ఇరుకు తగ్గి వెలుగు పెరుగుతుంది. అంటే ఆ ధగధగ కణాల ఆరోగ్యం కాదు, కణాల కడపటి కేక. కొత్త యంత్రం అబద్ధం చెప్పలేదు. అడిగినవాళ్ళే అంత రంగు పోసి, దాని మాటను తలకిందులుగా విన్నారు. నాకు దానిమీద ఉన్న కుళ్ళు ఆ రోజుతో పోయింది.

ఇప్పుడు మాస్టారికి చెప్పాలి. ఆమె డిగ్రీ ఆయన సంతకంలో ఉంది. చెప్పకపోతే దశమినాడు ఆ సీసా మూత తెరుచుకుంటుంది.

"సార్, ఒక్కసారి ఇలా వస్తారా?"

మాస్టారు వచ్చి నన్ను చూసి ముచ్చటపడ్డారు. "అరె, ఈ ముసలిదాన్ని మళ్ళీ లేపావా! బాగుందా?" అని నా అంచు తడిమారు. బెరడు రసం పట్టిన కణాలు పోయగానే కలం జోరు చూసి ఆయన మొహం వెలిగింది. "చూశావా, ఊపిరి ఎలా పుంజుకుందో!"

"తాళం మందు వేస్తాను సార్."

వేసింది. కలం అదే జోరుతో పోయింది. మాస్టారు ఎదురుచూశారు. ఇంకా ఎదురుచూశారు.

"పొర సరిగా బిగించి ఉండవు."

"అయితే మీరే బిగించండి సార్."

బిగించారు. కన్ను ఆనకపోయినా వేలితో తడిమి తడిమి బిగించారు. మామూలు కణాలు పోశారు, తాళం వేశారు, ఊపిరి తగ్గింది. నాలో తప్పు లేదు. బెరడు కణాలు పోశారు, తాళం వేశారు. తగ్గలేదు.

పైడితల్లి రంగు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. మాస్టారు ఒక్కసారిగా అరిచారు. "పాతికేళ్ళుగా కణాలు చూస్తున్నవాడికి నువ్వు వెలుగంటే ఏమిటో చెబుతావా? నీ థీసిస్ నువ్వు చూసుకో. నా ఇంటి సంగతి నీకెందుకు?"

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తూనే మాట్లాడింది. "నా థీసిస్ పోతే పోనివ్వండి సార్. ఇంకోటి రాసుకుంటాను. మేడమ్ గారు మాత్రం ఇది తాగకూడదు. ఆవిడ కణాలకి ఉన్నదే కాస్త. అదీ కారిపోతాది సార్."

తాను చదువుకున్న భాష పోయి ఊరి మాట వచ్చేసిందని ఆమె గమనించలేదు. మాస్టారు గమనించారు. తర్వాత మెల్లిగా "రంగు తగ్గించి వెయ్యి" అన్నారు. కొత్త యంత్రం గదిలోకి ఇద్దరూ వెళ్ళారు. చిటికెడు రంగుతో చూస్తే మామూలు కణాలు చక్కగా వెలిగాయి. బెరడు రసం వెయ్యగానే ఆ వెలుగు సాయంత్రం దీపంలో నూనె అయిపోయినట్టు తగ్గుతూ తగ్గుతూ పోయిందట. మాస్టారు తిరిగొచ్చి నా ముందు స్టూలుమీద కూలబడ్డారు. మనుషులు నాలోకి ఊపిరి వదలరు గాని, వదిలితే ఆ రోజు ఆయనది కొలవడం నావల్ల అయ్యేది కాదు. ఆయన్ని చూస్తే నాకు జాలి వేసింది. ఆయన తప్పు ప్రేమలో పుట్టింది. ఎక్కువ వెలుగు చూడాలని ఎక్కువ రంగు పోసుకున్నారు, అంతే.

విజయదశమి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం అప్పలస్వామి యంత్రాలన్నిటికీ బంతిపూలు చుట్టాడు. ఈసారి నాకూ ఒక పువ్వు దొరికింది. భ్రమరాంబ గారు ఆటోలో వచ్చారు, మాస్టారి భుజం పట్టుకుని. సన్నబడిపోయారు. మందు మొదలుపెట్టే రోజని బొట్టు పెద్దగా పెట్టుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చారు. ఆ చీర చూసి పైడితల్లి గోడవైపు తిరిగింది.

మాస్టారు సీసా చేతిలోకి తీసుకున్నారు.

"భ్రమరా, ఇది నీకివ్వను. ఇది మందు కాదు. నేను తప్పు చదివాను. ఈ పిల్ల సరిగ్గా చదివింది." అని సీసా సింకులో వంచేశారు. గోధుమరంగు నీళ్ళు గుడగుడమంటూ పోయాయి.

ఆవిడ లెక్కల టీచరు. రుజువు అడిగింది. పైడితల్లి కలం గీతలు చూపించింది. ఆవిడ రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి చూసి తల ఊపింది.

"ఇంకేదైనా ఉందాండీ? ఇంకో బెరడో, వేరో?"

"లేదు."

"అంటే ఇక్కడ నాకోసం చెయ్యాల్సిన పని ఇంకేం లేదన్నమాట."

మాస్టారు ఖాళీ సీసా బల్లమీద పెట్టి, తల అడ్డంగా ఊపారు.

"అయితే రేపటినుంచి వెలుతురుండగానే ఇంటికి రండి. ఇన్నాళ్ళూ నాకోసం, నాకోసం అని, నా దగ్గర మాత్రం లేరు. నన్ను బీచిదాకా నడిపించడానికి మందెందుకండీ, మీ భుజం చాలు."

ఆవిడే కుంకుమ భరిణె అడిగి తీసుకుంది. "దీన్ని నేనెరుగుదును" అని నా దగ్గరికి వచ్చింది. ఉంగరపు వేలితో కుంకుమ అద్దుకుని నా అంచుమీద బొట్టు పెట్టబోయింది. వేలు వణికింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది. అయినా వణికింది. గుండ్రని బొట్టు పడాల్సిన చోట వంకర గీత పడింది. ఒకప్పుడు ముడత లేకుండా నాకు పొర లాగిపట్టిన చెయ్యి అది. పైడితల్లి అలవాటు కొద్దీ దూది తీసింది, అంచున మరకలుంటే కొలతలు చెడతాయని.

"తుడవకమ్మా," అన్నారు మాస్టారు.

ఆ తర్వాత సాయంత్రాలు ఈ గదిలో మాస్టారు కనబడలేదు. అయిదుకల్లా సంచి సర్దుకునేవారు. ఆయన్ని చూసి మిగతా ప్రొఫెసర్లు వాచీలు సరిచేసుకునేవారు. బీచిలో ఇద్దరూ మెల్లిగా నడిచేవారని, తర్వాత నడక పోయాక చక్రాల కుర్చీలో ఆవిడా, వెనక తోస్తూ ఆయనా కనబడేవారని అప్పలస్వామి చెప్పేవాడు. ఆవిడ చెయ్యి బాగుపడలేదు. ఆవిడ వెళ్ళిపోయే రోజున ఆ చెయ్యి మాస్టారి చేతిలో ఉందట. పైడితల్లి థీసిస్ ఆ బెరడు చేసే చెడు మీదే రాసింది. సంతకం పెట్టినప్పుడు మాస్టారు ఆమె తలమీద చెయ్యి పెట్టారు.

ఇప్పుడు నేను ఆ శాఖ వరండాలో గాజు అలమరాలో ఉన్నాను. పక్కన ఒక పాత త్రాసు, ఒక క్రికెట్ కప్పు. కప్పు శాఖకెలా వచ్చిందో దానికే తెలియదు. పైడితల్లి ఇప్పుడు పైడితల్లి మేడమ్. కొత్త విద్యార్థులు చేరినప్పుడల్లా నన్ను బయటికి తీసి, సిగరెట్ కాగితం తెప్పించి, పొర బిగించి చూపిస్తుంది. కిళ్ళీకొట్టువాడు ఆమెను చూసి ఇప్పటికీ కనుబొమలు ఎగరేస్తాడు.

"మేడమ్, ఈ ఎర్ర గీత ఏంటి? తుప్పా?" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు.

నాలో తుప్పు పట్టే ఇనుమే లేదని కూడా తెలియదు వీళ్ళకి. ఆమె జవాబు చెప్పదు. దూది తీసుకుని నా చుక్కా, ఉంగరం, అంచు అన్నీ తుడుస్తుంది. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పక్కకి తప్పించి, మళ్ళీ అవతలనుంచి తుడుస్తుంది.